ఇరవై నాలుగు మెట్లు

చెప్పండి, ఏం చూశారు? ముందు అది చెప్పండి. ఆ చిన్న గది తలుపు తోసినప్పుడు మీ కళ్లతో మీరు చూసింది ఏంటి? ఎవరో మీ చెవిలో ఊదింది నాకక్కర్లేదు. మీరు చూసింది చెప్పండి.

చెప్పరు. కలం మూత తీసి పెట్టుకున్నారు గానీ నోరు మాత్రం తెరవరు. సెక్రటరీ కుర్చీలో కూర్చున్నాక మనిషికి నోరు చిన్నదై చెవులు పెద్దవవుతాయి కాబోలు.

సరే, నేనే చెప్తాను. నిన్న స్టూడియోలో ముహూర్తం హారతి పళ్లెం పట్టుకుని మీరు తలుపు తోశారు. లోపల నేనున్నాను. స్టూలు మీద కూర్చుని, ఒళ్లో నల్ల గిటారు పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాయిస్తున్నాను. మీరు అద్దంలోంచి హాల్లోకి చూశారు. అక్కడ త్రిపురసుందరి గారు వీణ ముందు కూర్చుని ఉన్నారు. ఆవిడ వేళ్లు మెట్ల మీద కదులుతున్నాయి. ఆవిడ ముందు మైకుంది. ఆ మైకు వైరు మాత్రం గోడకి తగిలించి లేదు, చుట్ట చుట్టి నేల మీద పడుంది.

అంతే కదండీ మీరు చూసింది? నాకు హారతి ఇవ్వడం కూడా మర్చిపోయి, పళ్లెంతో అలాగే వెనక్కి వెళ్లిపోయారు. నేను చూడలేదనుకున్నారు. చూశాను. చూసి కూడా ఆపలేదు. టేక్ నడుస్తోంది మరి.

కూర్చోమంటారేంటి, కూర్చోలేను. నిన్నటి నుంచి నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే ఎక్కడికైనా పోవాలని ఉంటోంది. బోరబండ నుంచి ఇక్కడిదాకా ఎండలో నడిచే వచ్చాను. బస్సు కోసం నిలబడే ఓపిక కూడా లేదు. మీరు రాసుకోండి, నేను తిరుగుతాను.

ఆదివారం మన వాద్యగాళ్ల యూనియన్ కమిటీ. మీరు చూసింది చూసినట్టు రాస్తే, వాయించకుండా వాయించినట్టు నటించిందని ఆవిడ కార్డు తీసేస్తారు. ఇరవయ్యారేళ్ల కార్డది. మద్రాసులో పుట్టి, పరిశ్రమతో పాటు మూటా ముల్లే సర్దుకుని ఈ కొండల్లోకి వచ్చిన కార్డు. అది లేకపోతే ఫిల్మ్ నగర్‌లో ఏ స్టూడియో వాచ్‌మనూ ఆవిడకి గేటు తియ్యడు. నా కార్డు తీసేస్తారా, తీసెయ్యండి. ఇదిగో, బల్ల మీద పెడుతున్నా. ఆవిడ పేరు మాత్రం ఆ కాగితం మీదకి రానివ్వకండి.

రూలంటారు. రూలు నాకు తెలీదా? ఒక వాద్యం పలుకుని ఇంకో వాద్యం మీద పలికించి, అసలు వాద్యగాడి పొట్ట కొట్టకూడదు. ఆ తీర్మానం పెట్టిన రోజు మీటింగులో అందరికంటే ముందు చెయ్యెత్తింది ఈ ఆదినారాయణే. అప్పుడు మన కోపం కీబోర్డుల మీద. మీ డోలక్ జాగాలో రిథమ్ మిషన్ తెచ్చి పెట్టిన వారం అది. మీరు స్టూడియో వెనకాల జనరేటర్ గది దగ్గర నిలబడి ముక్కు చీదుకుంటుంటే టీ తెచ్చి ఇచ్చింది కూడా నేనే. అప్పుడు సెక్రటరీ గారు కాదు మీరు, సూర్యప్రకాశరావు. అంతే.

అంచేత నాకు రూలు చదివి వినిపించకండి.

అసలు ఆ గిటారు సంగతి మీకు సగమే తెలుసు. దానికి మీ అందరూ ఏం పేరు పెట్టారు? మహిషం. నల్లగా, రెండు కొమ్ములతో, మధ్యలో బాణం మొనలా చీలి ఉంటుందని. పైగా దాని మీద పుర్రె బొమ్మ. ఎనభై ఏడులో సికింద్రాబాద్‌లో ఒక ఇంగ్లీషు బ్యాండు కుర్రాడి దగ్గర కొన్నాను. బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, జుట్టు కత్తిరించుకున్నాడు, గిటారు అమ్మేశాడు. మంచాల కింద పెట్టుకునే వస్తువు కాదంకుల్ ఇది, రోజూ అరిపించాలి, అన్నాడు. మా ఆవిడ దాన్ని చూసి గుమ్మంలోనే ఆపేసింది. పుర్రెకి బొట్టు పెడితే గానీ లోపలికి రానివ్వనంది. ఆ దసరాకి ఆయుధ పూజలో పెట్టిన కుంకుమ మరక ఇప్పటికీ పుర్రె నుదుటి మీద అలాగే ఉంది.

దాన్ని మొదటి రోజు రికార్డింగ్‌కి తెస్తే నవ్వారు. విలన్ డెన్ వచ్చిందిరా అన్నారు. నిజమే, మొదట్లో నన్ను పిలిచింది వాటికే. విలన్ మెట్లు దిగుతుంటే ఒక అరుపు. క్లబ్బులో గ్లాసు పగిలితే ఒక అరుపు. ఫైటులో కుర్చీ విరిగితే ఇంకో అరుపు. మూడు అరుపులు అరిపించి ఇంటికి పొమ్మనేవారు.

కానీ నేను ఊరుకునే రకం కాదు కదా. పాలకొల్లులో పెళ్లి బ్యాండుతో మొదలుపెట్టినవాణ్ని. పొద్దున పెళ్లికి వాయించి, మధ్యాహ్నం శవం ముందు వాయించి, సాయంత్రం ఎన్నికల ఊరేగింపులో వాయించినవాణ్ని. చేతిలో ఏది ఉంటే దాంతో ఏది అడిగితే అది పలికించకపోతే ఆ పూట అన్నం ఉండేది కాదు. అలాంటివాడి చేతికి ఈ మహిషం దొరికింది.

దాని లోపల ఏముందో తెలుసా మీకు? తీగ కింద ఉండే అయస్కాంతం చుట్ట మామూలు గిటారుకి ఒంటరిది, దీనికి జంటది. చప్పుడు లావు. తీగ సన్నం. మెడ పల్చన. తీగని వేలితో పక్కకి లాగితే వెన్నలా వస్తుంది, ఒకటిన్నర స్వరం, రెండు స్వరాలు లాగినా తెగదు. అరవడానికి చేశారండీ దాన్ని. కానీ గట్టిగా అరవగలిగినవాడికే గొంతు తగ్గించి మాట్లాడటం వస్తుంది. అది నేను కనిపెట్టాను.

కాలి కింద ఆ బరబరమనే పెట్టె నొక్కి, టోన్ బిరడా పూర్తిగా మూసెయ్యండి. గరుకు పోయి స్వరం అలా సాగుతుంది, సన్నాయిలాగ. సన్నాయి ఆయన పెళ్లిళ్ల సీజన్లో రాజమండ్రిలో ఇరుక్కుపోతే అప్పగింతల పాటలో ఏడిచింది ఈ పుర్రె గిటారే. థియేటర్లో ఆడవాళ్లందరూ కళ్లొత్తుకున్నారు. చిటికెన వేలితో వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా పైకి తిప్పుతూ మీటండి. మీటిన చప్పుడు వినపడదు. వయొలిన్ మీద కమాను జారినట్టు వస్తుంది. జోలపాట వాయించాను దాంతో. భజన క్యాసెట్లు వాయించాను. ఖవ్వాలీ వాయించాను. జానపద పాటలో తీగల మీద అరచెయ్యి ఆనించి టకటకమని కొడితే డప్పు పక్కన ఇంకో డప్పులా కలిసిపోయింది. ఏ పాటలో వేస్తే ఆ పాట నీళ్లు తాగుతుంది ఆ దున్నపోతు.

గొప్పలు చెప్పుకుంటున్నానా? చెప్పుకోనివ్వండి. ఈ గొప్పే కదా మమ్మల్ని ముంచింది.

ఇంకోటి చెప్తాను. ఎప్పుడైనా దాని మెట్లు లెక్కపెట్టారా? మామూలు గిటారుకి ఇరవయ్యో ఇరవై రెండో ఉంటాయి. దీనికి ఇరవై నాలుగు. వీణకెన్ని? ఇరవై నాలుగు. ఈ మాట మొదట నాకు చెప్పింది త్రిపురసుందరి గారే. ఒకరోజు లంచ్ బ్రేకులో చేతిలో ఉన్న మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, ఒక్కో మెట్టూ వేలితో తడుముతూ లెక్కపెట్టి, నవ్వారు. మీ రాక్షసుడికీ మా అమ్మవారికీ మెట్లు సమానమేనండీ ఆదినారాయణ గారూ అన్నారు.

సరే, నిన్నటి సంగతికి వస్తాను. వస్తున్నా, ఉండండి. గడియారం చూడకండి.

మన నిర్మాత పట్టాభిరామయ్య గారి సెంటిమెంట్ మీకు తెలుసు. పాట రికార్డింగ్‌తో సినిమా మొదలుపెడతాడు. టేపు మీద ఎక్కే మొట్టమొదటి శబ్దం వీణదే అయ్యుండాలి. మొదటి సినిమాకి అలా కుదిరింది, అది వంద రోజులు ఆడింది. అంతే, ఇక అది వేదం. మధ్యలో ఒక సినిమాకి ఎవరో నచ్చజెప్పి సన్నాయితో మొదలుపెట్టించారు. అది రెండో వారానికే డబ్బాల్లోకెళ్లింది. కథ బాగాలేక పోయిందని చెప్పే ధైర్యం ఎవడికుంది? సన్నాయి వల్ల పోయిందన్నారు.

ముహూర్తం తొమ్మిది పన్నెండు. కొండ అవతల ఎవరో ఇల్లు కట్టుకుంటూ రాళ్లు పేలుస్తుంటే ప్రొడక్షన్ మేనేజరు పరిగెత్తుకెళ్లి, దణ్ణం పెట్టి, అరగంట ఆపించి వచ్చాడు. పంతులుగారు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు. పట్టాభిరామయ్య గారు హాల్లోకి అడుగుపెడుతూనే నా మహిషాన్ని చూశారు. మొహం మాడిపోయింది. ముహూర్తం అయ్యేదాకా ఆ కొమ్ముల వాద్యం నా కంటబడకూడదు, ఎక్కడైనా దాచండి, అన్నారు.

చూశారా? దాచమన్నది ఆయనే. ఆ చిన్న గదిలోకి నన్ను తోసింది ఆయన సెంటిమెంటే. ఆయన మర్యాదగా ఊరుకుంటే మేం ఆ పని ఎలా చేసేవాళ్లమో నాకే తెలీదు.

పనేంటంటే, పొద్దున గాయకుడికి జలుబు. శ్రుతి దించమన్నాడు. మీకు తెలుసు, గిటారుకైతే పర్లేదు, వేలు రెండు మెట్లు అటు జరిపితే సరి. వీణ అలా కాదు. మెట్లు మైనంలో పాతి ఉంటాయి. తీగలు ముందురోజే ఆ పాట శ్రుతికి కట్టుకుని తెస్తారు. అప్పటికప్పుడు దించితే తీగ వదులై మెట్టు మీద గరగరమంటుంది. తాళం తీగలు కూడా మార్చాలి. ముహూర్తానికి పది నిమిషాలే ఉంది. అందుకని సంగీత దర్శకుడు వేంకటరమణా, సౌండ్ ఇంజనీరూ, నేనూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఎలక్ట్రిక్ గిటారుకి స్పీకరు తగిలించకపోతే గదిలో దోమ పాడినంత చప్పుడు కూడా రాదు. వైరు నేరుగా కంట్రోల్ రూములోకి పోతుంది. అక్కడ కూర్చున్న పట్టాభిరామయ్య గారికి అద్దంలోంచి కనపడేది ఆవిడ. స్పీకర్లో వినపడేది నేను.

కాబట్టి మీరు ఏం రాయాలంటే, గాయకుడికి జలుబు చేసింది, శ్రుతి మారింది, అత్యవసరంలో ఒక్కసారి జరిగింది, అని రాయండి. ఒక్కసారికి క్షమించొచ్చు కదా కమిటీ. రాయండి మరి.

రాయరేం?

అలా చూడకండి నా వైపు. డోలక్ వాయించేటప్పుడు కూడా ఇంతే, ఎదుటివాడు తాళం తప్పితే ఏమీ అనరు, ఊరికే చూస్తారు. ఆ చూపుతోనే చంపుతారు.

సరే. శ్రుతి కాదు.

గాయకుడికి జలుబు లేదు. శ్రుతి మారలేదు. అదంతా రాత్రి పడుకుని నేను అల్లుకున్నది. మీరు గాయకుణ్ని అడిగితే రెండు నిమిషాల్లో బయటపడుతుంది, నాకు తెలుసు.

ఆవిడ వేళ్లండీ. ఎడమ చేతి చూపుడు వేలూ, మధ్య వేలూ. కణుపుల దగ్గర వాచి, కొయ్యలా బిగుసుకుపోయాయి. పొద్దున వేన్నీళ్లలో పెట్టుకుంటే గానీ పిడికిలి కూడా మూసుకోదు. మెల్లటి పాటైతే ఎలాగో లాక్కొస్తారు. గబగబా తీగ లాగాల్సిన చోట వేలు సగం దారిలో ఆగిపోతుంది. ఒక్కసారి కాదు, నిన్న కాదు. రెండేళ్లుగా.

రెండేళ్లుగా ఆవిడ వీణ నేనే వాయిస్తున్నాను.

పాటలెన్ని అని అడక్కండి, చెప్పను. మీ రేడియోలో పొద్దున్నే వస్తుంటాయి, చెవులొగ్గి వినండి. ఏది ఆవిడ చెయ్యో ఏది నా చెయ్యో మీరు పట్టుకుంటే ఈ వయసులో మీ కాళ్లకి దణ్ణం పెడతాను.

అయ్యో పాపం అని చేశాననుకుంటున్నారు కదా. మీ మొహం మెత్తబడింది. ఆగండి, అప్పుడే మెత్తబడకండి.

డెబ్బై ఒకటిలో మద్రాసులో నేను వెనక వరసలో మామూలు చెక్క గిటారు మీద కార్డ్స్ కొట్టుకునేవాణ్ని. ఒకరోజు మోహనంలో చిన్న బిట్ ఇచ్చారు. వాయించాను. సంగీత దర్శకుడు అందరి ముందూ ఆపేశాడు. ఏమయ్యా, నిచ్చెన దిగుతున్నావా, నీకు రాగం ఎవడు చెప్పాడు, ఆ చెక్కపెట్టె పట్టుకుని బయటికి నడు, అన్నాడు. నలభై మంది వాద్యగాళ్లు. ఒక్కడూ తలెత్తలేదు. నేను బయట మెట్ల మీద కూర్చుంటే, టిఫిన్ క్యారియర్ పట్టుకుని త్రిపురసుందరి గారు వచ్చారు. అప్పటికి నేను ఆవిడతో మాట్లాడింది లేదు. ఆవిడ ముందు వరస, నేను వెనక వరస. మూత తీసి పులిహోర నా చేతిలో పెట్టి, తింటూ వినండి అన్నారు.

చెరుకు తింటారు కదా, గడ మీద పన్ను పోతూ పోతూ కణుపు దగ్గర ఎలా ఆగుతుంది? ఆగి, కాస్త బలం పెట్టి, దాటుతుంది. స్వరం నుంచి స్వరానికి అలా వెళ్లాలి. మీరు కణుపుల్లేని చెరుకు తింటున్నారు, అందుకే తియ్యగా లేదు, అన్నారు.

అంతే. ఆ పూట నుంచి నాకు సంగీతం వచ్చిందండీ. గురువని పిలిస్తే ఒప్పుకోలేదు. ఆదినారాయణ గారూ అనే పిలిచారు ఇన్నేళ్లూ.

అలాంటి మనిషికి నేను చేసింది వినండి.

రెండేళ్ల క్రితం, ఇదే కొండ మీద, ఇదే హాలు. భక్తి పాట. వీణ బిట్ ఆరు సెకన్లు ఉంటుందేమో. ఆవిడకి రావడం లేదు. పదకొండు టేకులయ్యాయి. కంట్రోల్ రూములో ఎవరో వాచీ చూసుకుని ఉస్సురన్నారు. నేను హాలు మూల, నా జాగాలో ఉన్నాను. ఆవిడ నన్ను సాయం అడగలేదు. కనీసం నా వైపు చూడలేదు. నేను ఇంజనీరుకి సైగ చేశాను. ఆవిడ మైకు మూసెయ్, నా లైను తెరువు, అని. వాడు నవ్వి తలూపాడు. పన్నెండో టేకులో నేను వాయించాను. వేలి కొనతో మీటి, టోన్ తగ్గించి, తీగని ఆవిడ నేర్పినట్టే లాగి వాయించాను. ఆవిడకి తెలీదు. తను వాయిస్తూనే ఉన్నారు.

తర్వాత అందర్నీ లోపలికి పిలిచి టేపు వినిపించారు. ఆ బిట్ వచ్చింది. త్రిపురసుందరి గారు విని, మొహం చాటంత చేసుకున్నారు. నా వైపు తిరిగి, ఈసారి బాగా వచ్చిందండీ, అన్నారు. చిన్నపిల్లలా అన్నారు. వాచిన వేళ్లని రెండో చేత్తో నిమురుకుంటూ అన్నారు.

ఇంకోసారి వెయ్యమన్నారు. వేశారు. ఈసారి వింటుంటే ఆవిడ మొహంలో వెలుగు మెల్లగా దిగిపోయింది. ఎక్కడ పట్టుకున్నారో తెలుసా? కణుపు దగ్గర. నేను ఆవిడకంటే వెంట్రుకవాసి ఎక్కువ ఆగుతాను. ఎవరికీ తెలీదు, ఆవిడకి తెలుసు. నా వైపు చూశారు. పమిట సర్దుకుని, వీణకి గుడ్డ కప్పుకున్నారు.

తర్వాతి పాటకి మైకు ముందు కూర్చుని ఆవిడే నా వైపు చూశారు. నేను తలూపాను. అంతే ఒప్పందం. రెండేళ్లలో దాని గురించి మేం మాట్లాడుకున్నది లేదు.

మంచినీళ్లు వద్దు. వినండి.

ఆ పన్నెండో టేకులో, ఇంజనీరు కళ్లు మూసుకుని తలాడిస్తూ, ఎంతైనా అమ్మ చెయ్యి అమ్మ చెయ్యే అని పక్కనున్నవాడితో అన్నాడు చూడండి, నా హెడ్‌ఫోన్లలో వినపడింది, వేళాకోళంగానే అన్నాడు, అప్పుడు నాకు కలిగింది జాలి కాదండీ. గెలుపు. ఇరవై ఏళ్లు వెనక వరస. రాక్షస వాద్యం అన్నారు, చెక్కపెట్టె అన్నారు, మూడు అరుపులకి పనికొస్తుందన్నారు. ఆ దున్నపోతుతో సరస్వతిని పలికించాను. అమ్మవారి సింహాసనం మీద మహిషాన్ని కూర్చోబెట్టాను, ఒక్కడూ పోల్చుకోలేకపోయాడు. ఛాతీ ఇంత ఉబ్బింది. ఆవిడ వేళ్లు ఆ క్షణాన నాకు గుర్తే లేవు. ఆవిడకి రాకుండా ఉంటే బాగుండు, పదమూడో టేకు అడిగితే బాగుండు, ఇంకోసారి వాయించొచ్చు అనిపించింది.

ఇది రాసుకోండి. ఇది రాయండి ఆ కాగితం మీద, అచ్చుగుద్దినట్టు రాయండి. ఆవిడ పొట్టకోసం నటించలేదు. నేను చేసిన దొంగతనాన్ని ఆవిడ మర్యాదగా మొయ్యాల్సి వచ్చింది.

నిన్న టేక్ అయ్యాక ఏం జరిగిందో మీరు చూడలేదు, అప్పటికే వెళ్లిపోయారు. పట్టాభిరామయ్య గారు కళ్లు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చారు. ఆవిడ ముందు చేతులు జోడించి, అమ్మా, మీ చేతిలో తల్లి కూర్చుందమ్మా, నా బొమ్మ ఆడినట్టే, అన్నారు. ఆవిడ తలొంచుకుని తన వేళ్ల వైపు చూసుకున్నారు. అప్పుడే నేను గదిలోంచి గిటారుతో బయటికి వచ్చాను. పట్టాభిరామయ్య గారు పక్కకి తప్పుకున్నారు, దాని నీడ మీద పడకుండా. నాకు నవ్వొచ్చింది. నవ్వలేదులెండి.

వేంకటరమణ నన్ను వరండాలోకి తీసుకెళ్లాడు. ముప్పై ఏళ్లుంటాయేమో అతనికి. చెడ్డవాడు కాదు, పాట తెలిసినవాడు. నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నాడు. మాస్టారూ, ముహూర్తం గండం గడిచింది. ఇంకెందుకు ఆ పెద్దావిడకి శ్రమ? ఇకనుంచి వీణ బిట్లకి మీరొక్కరే వచ్చెయ్యండి.

ఎంత ప్రేమగా అన్నాడంటే, కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు సందు దొరకలేదు.

అర్థమైందా మీకు? వీణ లేకుండా వీణ పలుకుతుందని ఈ ఊళ్లో అందరికీ నేర్పింది నేను. కీబోర్డువాళ్లని తిట్టాం, మీటింగులు పెట్టాం, తీర్మానాలు రాశాం. కీబోర్డుతో వీణ పలికిస్తే ప్లాస్టిక్ అని చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు, దానివల్ల ఆవిడకి ప్రమాదం లేదు. ప్రమాదం నా చేతి నుంచి వచ్చింది. ఆవిడ నేర్పిన చెయ్యి అది.

పైగా నాకూ మూడిందిలెండి. మొన్న ఒకడు మద్రాసు నుంచి కొత్త పెట్టె తెచ్చాడు. ఒక మీట నొక్కితే నా మహిషం అరుపు అరిచింది. పుర్రె లేదు, కొమ్ములు లేవు, చెమట లేదు. బాగానే అరిచింది కూడా. అందరూ నా మొహం చూశారు. నేను భలే ఉందయ్యా అన్నాను. ఇంకేమంటాను?

అది వదిలెయ్యండి. నేను నిలబడలేకపోతున్నది దానికి కాదు.

రేపు తొమ్మిదింటికి పాట ఉంది. అదే సినిమాకి రెండో పాట. నాలుగు వీణ బిట్లు. పొద్దున వేంకటరమణ మేనేజరు మా ఇంటికి వచ్చి చెప్పి వెళ్లాడు. పిలుపు నా ఒక్కడికే. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మీరు చెప్పండి మాస్టారూ, మీకైతే చనువు కదా, అన్నాడు పోతూ పోతూ.

ఆవిడేమో రేపు పాట ఉందని నిన్న హాల్లోనే విన్నారు. పిలుపు వచ్చినట్టే అనుకుంటున్నారు. ఇందాక ఇటు నడిచి వస్తూ వాళ్ల వీధిలోంచి వచ్చాను. వరండాలో కూర్చుని వీణకి మైనం సర్దుతున్నారు. వాయించేది లేకపోయినా సరే, మెట్లు శ్రుతిలో ఉండాలట. నన్ను చూసి లేచారు. రేపు ఎనిమిదింటికల్లా సిద్ధంగా ఉంటానండీ, మామూలుగానే ఆటోలో వెళ్దాం, అన్నారు. తలూపి వచ్చేశాను. ఈ తల ఊపడమే నాకు బాగా వచ్చు.

నేను రేపు ఆగకుండా పోతే, ఆవిడ చీర కట్టుకుని, వీణ పెట్టె గుమ్మం బయట పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటారు. ఆగి ఎక్కించుకుని తీసుకెళ్తే, గేటు దగ్గర మేనేజరు ఏం చెప్తాడో ఆవిడ చెవులారా వింటారు. నేను అసలు వెళ్లకుండా ఇంట్లో పడుకున్నాననుకోండి, ఆ కొత్త పెట్టెవాడిని పిలుస్తారు. ఆవిడకి మాత్రం పిలుపు రాదు. ఆ వేళ్లతో రాదు. మీరు కార్డు తీసినా రాదు, ఉంచినా రాదు. మీ కాగితం కంటే ముందే నేనే తీసేశాను ఆవిడ కార్డు.

కలం పక్కన పెట్టండి కాసేపు. సెక్రటరీగా అడగడం లేదు. డోలక్ పోగొట్టుకున్న మనిషిగా అడుగుతున్నాను.

సూర్యప్రకాశరావు గారూ, మీరే నా చోట ఉంటే, రేపు ఎనిమిదింటికి ఆ గుమ్మం ముందు ఆటో ఆపుతారా?